పాత బల్లల నేలలో సందులు పూడ్చడం ఎలా? ఇంట్లో దొరికేవాటితోనే

వెదురు చేటలో సందులు పడితే పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జు అలికి ఎండబెట్టడం మన పెద్దవాళ్ళకు తెలిసిన పనే. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు చెయ్యో కాలో మొండేనికి అతకడానికి రంపం పొట్టులో చింతగింజల పిండి జిగురు కలిపి ‘మక్కు’ చేసుకుంటారు. పడవలు కట్టేవాళ్ళు బల్లల మధ్య దూది, నార కూరి పైన నూనె, గుగ్గిలం పట్టిస్తారు. మేడ మీది చెక్క నేలలో సందులు పూడ్చడానికి ఈ మూడు రకాల సరుకూ పనికొస్తుంది. ఖరీదైన డబ్బాలు కొనక్కర్లేదు. ఏ సందులో ఏది పెట్టాలన్నదే అసలు సంగతి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా మండువా ఇళ్ళ మేడ గదుల గురించి, దూలాల మీద టేకు బల్లలు పక్కపక్కన పరిచి మేకులు కొట్టిన నేలల గురించి. పైన ఊడిస్తే కింద గదిలో అన్నం కంచంలో దుమ్ము రాలుతుంటే, రాత్రి కింది లైటు పైకి గీతలు గీతలుగా కనిపిస్తుంటే, ఇది మీకోసమే.

సందు కదులుతుందా, లేదా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చెక్క ఎండాకాలంలో తేమ వదిలి కుంచించుకుంటుంది, వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. ఈ తేడా పొడవులో దాదాపు ఉండదు, అంతా వెడల్పులోనే. ఎనిమిది అంగుళాల వెడల్పున్న టేకు బల్లలో తేమ నాలుగు శాతం మారిందంటే, కోతను బట్టి వెడల్పు ముప్పావు మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా మారుతుంది. టేకు కాబట్టి ఇంతే. మిగతా కలపల్లో చాలావాటికి కదలిక ఇంకా ఎక్కువ.

కాబట్టి బల్లకీ బల్లకీ మధ్య పొడవునా సాగే సందు ఏటా తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. అందులో గట్టిపడే ముద్ద ఏది పెట్టినా ఎండాకాలంలో ఒక అంచు వదిలేస్తుంది, వానాకాలంలో నలుగుతుంది, చివరికి పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది. ‘వడ్రంగి లప్పం పెట్టి డబ్బులు తీసుకుపోయాడు, ఏడాది తిరక్కుండా ఊడిపోయింది’ అని తిట్టుకునేవాళ్ళు చాలామంది. లప్పం మంచిదే, పెట్టిన చోటే మంచిది కాదు.

దీనికి భిన్నంగా ఒకే బల్లలో ఉన్న గుంట, ఊడిపోయిన కన్ను (కొమ్మ మొలిచిన చోట చెక్కలో ఉండే ముడి), పాత మేకు బెజ్జం, విరిగిన మూల, ఇవి పెద్దగా కదలవు. రంపం పొట్టు ముద్ద వీటిలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఈ తేడా బుర్రలో పెట్టుకుని, ఒక చాక్‌పీసు పట్టుకుని గదంతా తిరగండి. కదిలే సందులకు గీత, కదలని గుంటలకు సున్నా పెట్టండి. వెడల్పు కొలవడానికి గడువు తీరిన ఏటీఎం కార్డులు చాలు. ఒక్కో కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. ఒక కార్డు కూడా బిగుతుగా పట్టే సందు జోలికి వెళ్ళకండి, వానాకాలంలో అదే మూసుకుంటుంది. రెండు నుంచి ఏడు కార్డులు పట్టేవాటికి తాడు. అంతకు మించితే చెక్క బద్ద.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మే నెలలో సందులు బాగా కనిపిస్తాయి కాబట్టి అప్పుడే పూడ్చేయాలనిపిస్తుంది. బద్దలు పెట్టేవాళ్ళు మాత్రం ఆగాలి. సందు అత్యంత వెడల్పుగా ఉన్నప్పుడు బిగించి కొడితే, జులైలో ఉబ్బే బల్లలకు చోటుండదు. అవి పైకి వంగుతాయి, మేకుల్ని కూడా లాగేస్తాయి. పోనీ జోరు వానల్లో పూడిస్తే, వచ్చే వేసవికి బద్ద పక్కన మళ్ళీ సందు. వానలు పూర్తిగా వెనకబట్టి చలి మొదలయ్యే రోజులు మధ్యస్థంగా ఉంటాయి. జిగురు కూడా చక్కగా ఆరుతుంది. కార్తీకం చివర్లో మొదలుపెడితే సంక్రాంతికి చుట్టాలొచ్చేసరికి నేల సిద్ధం. తాడు పద్ధతికి ఈ పట్టింపు లేదు, వానాకాలం తప్ప ఎప్పుడైనా చేసుకోవచ్చు.

శుభ్రం చేయడం, చెక్క ఆరోగ్యం చూడటం

ఏళ్ళ దుమ్ము, జుట్టు పిన్నులు, బియ్యపు గింజలు, చీమల మట్టి, అన్నీ ఆ సందుల్లోనే ఉంటాయి. విరిగిన యాక్సా బ్లేడును ఒకవైపు గుడ్డ చుట్టి పట్టుకుని సందు పొడవునా గీరండి. తర్వాత పెయింట్ బ్రష్‌తో ఊడ్చి, వాక్యూమ్ క్లీనర్ ఉంటే దానితో లాగేయండి. కింది గదిలో సామాన్ల మీద ముందే దుప్పట్లు కప్పాలి. నీళ్ళు పోసి కడగొద్దు. నీళ్ళు దూలాల మీదికి దిగి అక్కడే ఉండిపోతాయి, ఆ తేమకే చెదలు వస్తాయి.

ఈ పనిలో ఉండగానే స్క్రూడ్రైవర్ పిడితో ప్రతి బల్లనూ తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చినా, దూలం పక్కన మట్టి గొట్టాల్లాంటి దారులు కనిపించినా చెదలున్నట్టే. సన్నని బెజ్జాలు, వాటి కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పురుగు పని. ఇలాంటి చోట సందులు పూడ్చే ఆలోచన పక్కన పెట్టి ముందు మందు కొట్టించాలి, అవసరమైతే బల్ల మార్చాలి. పైన నింపేస్తే లోపల తినేది కనిపించకుండా పోతుందంతే.

నడిస్తే ఊగే బల్లలు ఇంకో చిక్కు. ఊగే బల్ల పక్కన ఏ పదార్థమూ నిలవదు. పాత మేకు పక్కనే సన్నని బెజ్జం వేసి, దూలంలోకి దిగేలా స్క్రూ బిగించండి. దూలం ఎక్కడుందో కిందికి వెళ్ళి చూస్తే తెలిసిపోతుంది. కరెంటు వైర్లు దూలం వెంట సాగుతున్నాయేమో కూడా అప్పుడే చూసుకోండి.

నేలకు పాత రంగు ఉంటే పొడిగా రుద్దకండి. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగుల్లో సీసం ఎంతైనా ఉండొచ్చు. ఆ దుమ్ము చిన్నపిల్లలకు చాలా చేటు. తడిపి గీరండి, మాస్కు పెట్టుకోండి, పని అయ్యేదాకా పిల్లల్ని మేడెక్కనివ్వకండి.

పద్ధతి ఒకటి: పురికొస

నన్నడిగితే ఇళ్ళల్లో సొంతంగా చేసుకునేవాళ్ళకు ఇదే అన్నిటికంటే మంచి పద్ధతి. చవక, జిగురు అక్కర్లేదు, బల్ల ఉబ్బితే నొక్కుకుంటుంది, కుంచించుకుంటే కాస్త సాగుతుంది. నచ్చకపోతే లాగి పారేయొచ్చు.

జనపనార పురికొస కొనండి, ప్లాస్టిక్‌ది కాదు. పన్నెండడుగుల చదరపు గదిలో ఎనిమిది అంగుళాల బల్లలు పద్దెనిమిది పడతాయి. అంటే పదిహేడు సందులు, ఒక్కోటి పన్నెండడుగులు, మొత్తం 204 అడుగులు. సుమారు 62 మీటర్లు. సందు లోతుగా ఉండి రెండు వరసలు కూరాల్సి వస్తే దానికి రెట్టింపు. తాడు మందం సందు కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. దొరక్కపోతే సన్నని పురికొస రెండు మూడు పేటలు పేనుకోండి.

కొత్త పురికొస ఎండుగడ్డి రంగులో ఉండి పాత టేకు మధ్య కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని చిక్కటి టీ డికాక్షన్ కాచి అందులో రాత్రంతా నానబెట్టండి. ఇంకా ముదురు రంగు కావాలంటే కాఫీ డికాక్షన్ కలపండి. తాడు ఆరాక రంగు తేలిపోతుంది కాబట్టి ముందు ఒక ముక్క ఆరబెట్టి బల్ల పక్కన పెట్టి చూసుకోవాలి. నార పురుగులకూ బూజుకూ ఇష్టమైన తిండి. వేడి డికాక్షన్‌లో లీటరుకు 50 గ్రాముల చొప్పున వెలిగారం కరిగించి అందులోనే నానబెడితే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడకూడదు. మిగిలిన నీళ్ళు మొక్కలకు కూడా పోయొద్దు.

తాడు పూర్తిగా, అంటే లోపలి పోగు దాకా ఎండాక పని మొదలుపెట్టండి. గోడ దగ్గర ఒక కొస సందులో నొక్కి, మొద్దుగా ఉన్న లప్పం కత్తితోనో పాత స్క్రూడ్రైవర్‌తోనో జానెడు జానెడు చొప్పున లోపలికి కూరుతూ వెనక్కి జరగండి. పదునున్న పనిముట్టయితే పోగులు తెగుతాయి. తాడు బల్ల పైభాగానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందే ఆగాలి. పైకి తేలితే కాలికి తగిలి పీచు లేస్తుంది, చీపురు పుల్లలు ఇరుక్కుంటాయి. మరీ లోతుగా దిగిపోతుంటే కింద ఇంకో వరస వేయండి. కొందరు తాడు మీద ఫెవికాల్ పోస్తారు. పోస్తే అది కూడా గట్టి ముద్ద అయి కూర్చుంటుంది, తాడు వాడిన ప్రయోజనమే పోతుంది.

పద్ధతి రెండు: చెక్క బద్దలు

ఐదు మిల్లీమీటర్లు దాటిన సందుల్లో తాడు ఎంత కూరినా అందంగా కనిపించదు. అక్కడ అదే రకం పాత చెక్క బద్ద పెట్టాలి. కొత్త టేకు కంటే పాత టేకే మేలు. అది కదలాల్సినంత కదిలి స్థిరపడి ఉంటుంది, రంగు కూడా కలుస్తుంది. ఇంట్లో విరిగిన తలుపు రెక్క, పాత కిటికీ చట్రం ఉంటే సరే. లేకపోతే పాత కలప అమ్మే అడితికి వెళ్ళి తుక్కు ముక్కలు అడగండి. రంపపు మిల్లులో పది నిమిషాల్లో బద్దలు చీరి ఇస్తారు. మేకులు ఉంటే ముందే పీకేయాలి, లేకపోతే మిల్లువాళ్ళు ముట్టుకోరు.

బద్ద అడుగు సన్నగా, పైన లావుగా ఉండాలి. పై అంచు సందు కంటే అర మిల్లీమీటరు మాత్రమే లావు, ఎత్తు సందు లోతు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. చెక్క పోగు పొడవు బల్ల పొడవు వెంటే సాగాలి. ముందు జిగురు లేకుండా పెట్టి చూడండి. బొటనవేలితో సగం దాకా దిగి, మిగతా సగం చిన్న దెబ్బలతో దిగేలా ఉంటే సరైన కొలత. సుత్తితో బాదితే తప్ప దిగనిది చిత్రిక పట్టి సన్నం చేయాలి.

జిగురు ఒకవైపే పూయాలి. బద్దకు రెండువైపులా ఫెవికాల్ పూస్తే రెండు బల్లలూ అతుక్కుని ఒకే బల్లలా కదలడం మొదలుపెడతాయి. అప్పుడు చీలిక ఇంకోచోట వస్తుంది, ఒక్కోసారి బల్ల మధ్యలోనే. ఒకవైపు అతికితే బద్ద ఆ బల్లతో పాటు కదులుతుంది, రెండోవైపు వెంట్రుకవాసి సందు తెరుచుకుని మూసుకుంటుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి కొత్తగా కోసిన ముఖాన్ని థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరగానే జిగురు పెట్టండి. పెట్టాక కొయ్యసుత్తితో మెల్లగా దించండి. ఇనుప సుత్తే ఉంటే మధ్యలో చెక్క ముక్క అడ్డం పెట్టండి. బయటికి వచ్చిన జిగురు వెంటనే తడిగుడ్డతో తుడవాలి, ఆరిన జిగురు మరక మీద పాలిష్ పట్టదు.

ఒక రోజు ఆరనిచ్చి, పైకి ఉన్న భాగాన్ని పదునైన ఉలితోనో చిత్రికతోనో చెక్కేయండి. బద్ద పోగు ఎటు లేస్తుందో చూసి దానికి అనువుగా చెక్కాలి. ఎదురు చెక్కితే ముక్క లోపలి దాకా ఊడి వస్తుంది.

పద్ధతి మూడు: పొట్టు ముద్ద

మేకు బెజ్జాలు, గుంటలు, విరిగిన మూలలకు. మిల్లు నుంచి తెచ్చిన రంపం పొట్టు ముతకగా ఉంటుంది, ముద్ద గరుకుగా వస్తుంది. మీ నేలనే సాండ్‌పేపర్‌తో రుద్దినప్పుడు వచ్చే మెత్తని పొడి శ్రేష్ఠం, రంగు అదే కాబట్టి. పాలిష్ లేదా పెయింట్ పొర పోయాక వచ్చే పొడినే పట్టుకోండి. పాత టీ వడకట్టుతో జల్లించి సీసాలో దాచండి. టేకు పొడి కొందరికి తుమ్ములు, దురద తెప్పిస్తుంది, మాస్కు తీయకండి.

ఒక వంతు ఫెవికాల్‌కు సుమారు రెండు వంతుల పొడి. చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా రావాలి. కొద్దికొద్దిగా కలుపుకోండి, కాసేపటికే బిగుస్తుంది. గుంటలో లప్పం కత్తితో నొక్కి, కొంచెం ఎత్తుగా వదలండి, ఆరేటప్పుడు దిగుతుంది. లోతు ఎక్కువైతే రెండు మూడు దఫాలుగా, ఒక్కో దఫాకు ఒక రోజు చొప్పున. ఆరిన ముద్ద పక్క చెక్క కంటే ఒక ఛాయ ముదురుగా కనిపిస్తుంది, రంగు కూడా సరిగా తాగదు. అందుకే పనికిరాని ముక్క మీద ముందే చేసి, పైన పాలిష్ కూడా వేసి చూసుకోవాలి. గుంట కింది గదిలోకి పూర్తిగా తెరుచుకుని ఉంటే అడుగున మాస్కింగ్ టేపు అంటించండి. లేదంటే ముద్ద కింద రాలుతుంది.

మరి మక్కు? చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పిండి చేసి, నీళ్ళలో ఉడికిస్తే వచ్చే జిగురు నిజంగా గట్టిది. చేసుకోవాలన్న సరదా ఉంటే చేయండి. కానీ కొండపల్లి బొమ్మ రంగు పూతలో, అద్దాల బీరువాలో ఉంటుంది. నేల మీద అడుగుల తడి, వానాకాలపు చెమ్మ తప్పవు. పిండి జిగురుకు బూజు పడుతుంది, బొద్దింకలు కొరుకుతాయి. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేది ఈ బాధకే. అది విషం, పాకే పిల్లలున్న ఇంట్లో నేలకు వద్దు. ఫెవికాలే వాడండి.

కాగితం గుజ్జు గోడకూ చివరి బల్లకూ మధ్య ఉండే వంకర టింకర ఖాళీకి బాగుంటుంది. న్యూస్‌పేపర్ అయితే సిరా వల్ల బూడిద రంగు వస్తుంది. ఖాకీ కాగితం, పాత అట్టలు మేలు. రెండు రోజులు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో గట్టిగా పిండి, ఫెవికాల్ కలిపి కూరండి. ఆరితే బాగా కుంచించుకుంటుంది కాబట్టి రెండోసారి పెట్టక తప్పదు. మెంతులు చేటకు సరే, ఇక్కడ అక్కర్లేదు.

సన్నని మేకు బెజ్జాలకు తేనెమైనం చాలు. కొద్దిగా కావిరంగు కలిపి, మరుగుతున్న నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. పెంకుల కప్పు కింద మే నెల మధ్యాహ్నం మైనం మెత్తబడుతుంది కాబట్టి పెద్ద సందులకు వాడకండి. మైనం మీద వార్నిష్ పట్టదు, అందుకే ఇది వార్నిష్ అయ్యాక చేసే పని.

సిమెంటు, వైట్ సిమెంటు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఈ నేలల్లోకి రానీయకండి. మేస్త్రీ ‘ఒక్క పూటలో అయిపోద్దండీ’ అన్నా సరే.

విదేశాల్లో పాత ఇల్లు కొన్నవాళ్ళకు

బ్రిటన్‌లో విక్టోరియా కాలపు ఇళ్ళల్లో, అమెరికా పాత ఇళ్ళల్లో ఉంటున్న మనవాళ్ళకు కూడా ఇవే పద్ధతులు. అక్కడి బల్లలు ఎక్కువగా పైన్ చెక్క, మెత్తన, కాబట్టి బద్దలు కొట్టేటప్పుడు చెయ్యి తేలిక. కాలం మాత్రం తిరగబడుతుంది. చలికాలంలో హీటింగ్ వల్ల ఇల్లు ఎండి సందులు తెరుచుకుంటాయి, వేసవిలో మూసుకుంటాయి. బ్రిటిష్ ఇళ్ళల్లో కింది అంతస్తు బల్లల అడుగున ఖాళీ ఉండి, బయటి గోడలో బెజ్జాల ఇటుకలు ఉంటాయి. పైన సందులు పూడ్చండి, చలిగాలి తగ్గుతుంది. ఆ ఇటుకల్ని మాత్రం మూయొద్దు, గాలి ఆడకపోతే దూలాలు కుళ్ళిపోతాయి. అమెరికాలో ఇళ్ళకు సీసపు రంగుల్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇల్లయితే రుద్దే ముందు రంగు పరీక్ష చేయించుకోండి.

చివరి పూత, తర్వాత జాగ్రత్త

బద్దలు, ముద్దలు బాగా ఆరాక 80 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 120, 180తో పోగు వెంటే రుద్దండి. తాడు ఉన్న చోట మెషీన్ పెట్టొద్దు, పీచు లేస్తుంది. ఆ వరసలు చేత్తోనే. అందుకే గదిలో తాడు, బద్దలు రెండూ ఉంటే, బద్దల పని, రుద్దుడు ముగించి తాడు ఆఖర్న కూరడం తేలిక.

పైన అవిసె నూనె పట్టించేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ నూనె పీల్చిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. పని అయ్యాక వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఎండబెట్టండి, లేదా నీళ్ళ బకెట్‌లో వేయండి.

మొదటి ఏడాది ఒకసారి ఆగస్టులో, ఒకసారి మేలో నేలంతా చూసుకోండి. తాడు పైకి తేలిన చోట మళ్ళీ నొక్కండి, కుంగిన చోట ఇంకో పేట వేయండి. బద్ద పక్కన కాగితం దూరేంత సందు కనిపిస్తే దాన్నలా వదిలేయండి, అది ఉండాల్సిందే. రోజూ పొడి చీపురు, వారానికోసారి గట్టిగా పిండిన గుడ్డ సరిపోతాయి. పని మనిషి బకెట్‌తో మేడెక్కుతుంటే ముందే చెప్పి ఆపండి.